సౌర తుఫాను వార్తకు కూడా ఒక నంబరు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సౌర తుఫాను వార్తలు మీ పేపర్‌లో ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. వేస్తున్నందుకు సంతోషమే, కానీ ఆ వార్త చదివాక పాఠకుడి దగ్గర భయం తప్ప ఇంకేమీ మిగలడం లేదు. 'భూమి వైపు దూసుకొస్తున్న' అని శీర్షిక, పక్కన మంటల్లో కాలిపోతున్నట్టు ఒక భూగోళం బొమ్మ, కింద శాస్త్రవేత్తలు ఆందోళన చెందుతున్నారని ఒక వాక్యం, అంతటితో వార్త అయిపోతుంది. అది ఏ స్థాయి తుఫానో ఉండదు, ఎప్పుడు తగులుతుందో ఉండదు, ఎవరికి ఇబ్బందో ఎవరికి కాదో ఉండదు. తగిలిందో లేదో మర్నాడు ఎవరూ రాయరు.

అదే బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే మీరు ఎంత బాగా రాస్తారో చూడండి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అని మెట్టు మెట్టుగా చెబుతారు. మచిలీపట్నానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో, గంటకు ఎంత వేగంతో కదులుతోందో, ఏ రేవులో ఎన్నో నంబర్ హెచ్చరిక ఎగరేశారో అన్నీ ఉంటాయి. చదువు రాని మత్స్యకారుడికి కూడా మూడో నంబర్‌కూ పదో నంబర్‌కూ తేడా తెలుసు. 1977లో దివిసీమ, 2014లో హుద్‌హుద్ లాంటివి చూసిన మనకు హెచ్చరికను ఎలా చదవాలో ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. సూర్యుడి విషయంలోనూ అలాంటి మెట్లే ఉన్నాయి, నంబర్లు కూడా ఉన్నాయి, అవి రోజూ ఉచితంగా దొరుకుతున్నాయి. పేపర్‌లోకి మాత్రం రావడం లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

అసలు 'సౌర తుఫాను' అని ఒకే పేరుతో మూడు వేరు వేరు విషయాలను కలిపేస్తున్నారు. మొదటిది సోలార్ ఫ్లేర్, అంటే సూర్యుడి మీద మచ్చల దగ్గర మెలిపడి బిగుసుకుపోయిన అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు వచ్చే మెరుపు. దాని ఎక్స్ కిరణాలు కాంతి వేగంతో వస్తాయి కాబట్టి 8 నిమిషాల్లో ఇక్కడ ఉంటాయి, మనం చూసే సమయానికే తగిలేసి ఉంటాయి. తగిలేది కూడా ఆ సమయంలో పగలున్న వైపుకే. అప్పుడు షార్ట్‌వేవ్ రేడియో కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల దాకా మూగబోతుంది. దీన్ని ఎ, బి, సి, ఎం, ఎక్స్ అని ఐదు తరగతులుగా కొలుస్తారు, ఒక్కో తరగతి ముందుదానికి పది రెట్లు. అంటే ఎం5 అన్నా ఎక్స్5 అన్నా ఏదో కొంచెం తేడా అనుకోకూడదు, పది రెట్ల తేడా. 2003 నవంబర్ 4న వచ్చిన ఫ్లేర్‌కు ఉపగ్రహంలోని కొలిచే పరికరమే చాల్లేదు, తర్వాత లెక్కలు వేసి దాదాపు ఎక్స్28 అన్నారు.

రెండోది సీఎంఈ, కరోనల్ మాస్ ఎజెక్షన్. ఇది వెలుగు కాదు, పదార్థం. వందల కోట్ల టన్నుల దాకా ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వేడి వాయువు, తన అయస్కాంత క్షేత్రాన్ని వెంటబెట్టుకుని బయల్దేరుతుంది, భూమిని చేరడానికి వేగాన్ని బట్టి ఒక రోజు నుంచి మూడు నాలుగు రోజులు పడుతుంది. భూ అయస్కాంత తుఫానును తెచ్చేది ఎక్కువగా ఇదే. పెద్ద ఫ్లేర్ వచ్చినా సీఎంఈ వేరే దిక్కుకు పోతే మనకు ఏమీ కాదు. ఇది రాయకుండా 'ఎక్స్ క్లాస్ విస్ఫోటం' అని మాత్రమే రాస్తే పాఠకుడు రాబోయేదేదో ఉందని రెండు రోజులు టెన్షన్ పడతాడు, ఏమీ జరగకపోతే ఈ శాస్త్రవేత్తలు ఎప్పుడూ ఇంతే అనుకుంటాడు. మూడోది శక్తిమంతమైన ప్రోటాన్ల వాన, ఇది ఉపగ్రహాలకూ వ్యోమగాములకూ ధ్రువాల మీదుగా వెళ్లే విమానాలకూ సంబంధించింది.

ఈ మూడింటికీ అమెరికాలో బౌల్డర్‌లో ఉన్న అంతరిక్ష వాతావరణ కేంద్రం మూడు స్కేళ్లు పెట్టింది. రేడియో అంతరాయానికి ఆర్1 నుంచి ఆర్5, ప్రోటాన్లకు ఎస్1 నుంచి ఎస్5, అయస్కాంత తుఫానుకు జీ1 నుంచి జీ5. మన రేవు నంబర్లలాంటివే. హెచ్చరికల్లో కూడా మూడు దశలున్నాయి. సీఎంఈ బయల్దేరింది, ఒకటి నుంచి మూడు రోజుల్లో రావచ్చు అన్నప్పుడు ఒకటి, గుమ్మం దాకా వచ్చేసింది అన్నప్పుడు ఇంకొకటి, తగిలింది అన్నప్పుడు మరొకటి. మన వార్తల్లో ఈ మూడూ ఒకే 'హెచ్చరిక' అయిపోతున్నాయి.

2024 మే నెలలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. మనకు మే 13న పోలింగ్, పేపర్ నిండా ఎన్నికలే, అందులో తప్పు లేదు. అప్పుడే సూర్యుడి మీద 3664 నంబర్ మచ్చల గుంపు, భూమికి పది రెట్లకు పైగా వెడల్పున్నది, వరసగా సీఎంఈలను మన వైపు విసిరింది. మే 9న బౌల్డర్ కేంద్రం జీ4 స్థాయి ముందస్తు హెచ్చరిక ఇచ్చింది, 2005 తర్వాత ఆ స్థాయిది అదే మొదటిది. 10వ తేదీకి అవి ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చి తగిలాయి, తుఫాను జీ5కి చేరింది. 2003 అక్టోబర్ తర్వాత జీ5 మళ్లీ చూడటం అదే. టెక్సాస్‌లోనూ ఫ్లోరిడాలోనూ కూడా ఆకాశం గులాబీ రంగుకు తిరిగింది, అక్కడున్న మన వాళ్లు ఇంటి పెరట్లోంచి తీసిన ఫొటోలు ఇక్కడి ఫ్యామిలీ గ్రూపుల్లోకి వచ్చాయి. మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకు ఎర్రటి అరోరా, అంటే ఇలాంటి తుఫానులప్పుడు ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, చిక్కింది. ఇస్రో తర్వాత వివరణ ఇస్తూ, తుఫాను ప్రధాన దెబ్బ మనకు 11వ తేదీ తెల్లవారుజామున తగిలిందని, ఆ వేళకు మన మీది అయనావరణం ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు కాబట్టి ప్రభావం తక్కువగా ఉందని చెప్పింది. ఎంత పనికొచ్చే సంగతి అది! అదే దెబ్బ మధ్యాహ్నమో సాయంత్రమో తగిలి ఉంటే లెక్క వేరేగా ఉండేది. ఆ వివరణను నాలుగు ముక్కల్లో రాసినా మీ పాఠకులకు అర్థమయ్యేది. మా ఇంటికి వచ్చే రెండు పేపర్లలో నాకు కనబడింది మాత్రం రంగుల ఫొటో ఒక్కటే.

ఆ రోజుల్లోనే అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్న విత్తే కాలం. అక్కడ ట్రాక్టర్లు జీపీఎస్‌తో సెంటీమీటర్ల లెక్కన సాళ్లు వేస్తాయి. తుఫాను దెబ్బకు ఆ లెక్క తప్పింది, చాలామంది రైతులు విత్తడం ఆపేసి కూర్చున్నారు. ఈ ఒక్క సంగతి నన్ను పట్టుకుంది, ఎందుకంటే నాది కూడా ఆ పనిముట్టుతో చేసే పనే.

నేను పల్నాడులో ప్రైవేటు సర్వేయర్‌ని. గొలుసు పట్టుకుని కొలిచే రోజులు పోయాయి, ఇప్పుడు అందరి చేతుల్లో రోవర్లే. రోవర్ కర్ర నిలబెడితే ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి, నేల మీద ఉన్న బేస్ స్టేషన్ నుంచి సిగ్నళ్లు తీసుకుని రెండు మూడు సెంటీమీటర్లలో పాయింట్ ఇస్తుంది, దాన్ని మేం 'ఫిక్స్ వచ్చింది' అంటాం. సరిగా కుదరకపోతే 'ఫ్లోట్' చూపిస్తుంది, అప్పుడు తేడా అడుగు కావచ్చు, గజం కావచ్చు. 2023, 2024ల్లో, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, పొద్దున చక్కగా వచ్చే ఫిక్స్ మధ్యాహ్నం దాటాక మొరాయించేది, ఎండ తగ్గాక మొదలుపెట్టి పొద్దుపోయే దాకా లాగిన పనుల్లో అయితే అసలు నిలిచేది కాదు. గట్టు తగాదా ఉన్న చోట ఇది ఎంత ప్రమాదమో మా వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుసు. ఒక పక్క రైతు, ఇంకో పక్క ఆయన దాయాది, మధ్యలో పెద్ద మనుషులు. 'పొద్దున మాట్లాడకుండా రాయి చూపించావు, ఇప్పుడు పది నిమిషాలైనా చూపించట్లేదు, అవతలి వాళ్లేమైనా చెవిలో ఊదారా సర్వేయర్ గారూ' అని మొహం మీదే అడుగుతారు. 'లేదు బాబాయ్, పైన ఆకాశం బాలేదు' అంటే నమ్మేదెవరు? ఆకాశం నిర్మలంగా, నీలంగా కనపడుతూ ఉంటుంది మరి. రాయి పాతకుండా వెనక్కి వస్తే ఆ ఊళ్లో మన మాట మీద గురి పోయినట్టే.

దీని వెనక ఉన్న కారణం చెప్పకపోతే ఇదంతా సాకులాగే ఉంటుంది, కాబట్టి చెబుతాను. నేల నుంచి దాదాపు 80 కిలోమీటర్ల పైనుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా సూర్యరశ్మి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తుంది, ఆ పొరే అయనావరణం. ఉపగ్రహ సిగ్నల్ దాని గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా, తిరునల్వేలి దగ్గరగా పోతుంది. పగలు ఆ రేఖ మీద ఎలక్ట్రాన్లు పైకి లేచి, ఉత్తరానికీ దక్షిణానికీ జారి, రెండు పక్కలా దట్టంగా పేరుకుంటాయి. మన రెండు రాష్ట్రాలూ ఆ రేఖకూ ఆ పేరుకున్న చోటుకూ మధ్యలో ఉన్నాయి. సూర్యాస్తమయం అయ్యాక ఈ పొరలో అడుగు నుంచి తేలికైన బుడగలు పైకి లేస్తాయి, వాటి గుండా వచ్చిన సిగ్నల్ చెదిరిపోయి మిణుకుమిణుకుమంటుంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే నెలల్లో, సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న సంవత్సరాల్లో ఇది ఎక్కువ. సూర్యుడి పదకొండేళ్ల చక్రంలో ఇప్పుడు నడుస్తున్నది 25వది, అది గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబర్‌లో నాసా వాళ్లు ప్రకటించారు. అంటే కెనడాలో కరెంటు గ్రిడ్‌కు ఎలా ఇబ్బందో, మనకు ఉపగ్రహ సిగ్నల్‌కు అలా ఇబ్బంది. 1989 మార్చి 13న క్యుబెక్‌లో గ్రిడ్ 90 సెకన్లలో కుప్పకూలి 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారని ప్రతి వార్తలోనూ రాస్తారు, బాగానే ఉంది, కానీ అది ధ్రువానికి దగ్గరగా ఉండి, కింద కరెంటును లోపలికి పోనివ్వని గట్టి రాతి నేల ఉన్న చోటు. ఆ ముప్పు మన దగ్గర చాలా తక్కువ. మన ముప్పు వేరే, దాని గురించి ఒక్క వాక్యం ఉండదు.

ఇది సర్వేయర్ల గోల మాత్రమే అనుకోకండి. డ్వాక్రా అక్కచెల్లెళ్లకు మందు కొట్టే డ్రోన్లు ఇస్తున్నారు, డ్రోన్ నిలకడగా ఎగరాలంటే జీపీఎస్, లోపలి దిక్సూచి రెండూ సరిగా ఉండాలి, అందుకే అనుభవం ఉన్న డ్రోన్ పైలట్లు ఎగరేసే ముందు గాలితో పాటు కేపీ ఇండెక్స్, అంటే భూ అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడుతోందో చెప్పే అంకె, కూడా చూసుకుంటారు. సముద్రంలోకి వెళ్లే బోట్లు జీపీఎస్ మీదే తిరిగి వస్తున్నాయి. విమానాల కోసం మన దేశం జీపీఎస్ లెక్కను సరిదిద్దే గగన్ అనే వ్యవస్థను కట్టుకుంది, దానికి అన్నిటికంటే పెద్ద చిక్కు మన అయనావరణమే.

ముందుగా చెప్పడం ఎంత వరకు సాధ్యమో కూడా నిజాయితీగా రాయాలి. ఫ్లేర్ ఏ గంటకు వస్తుందో ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. మచ్చల గుంపులో ఉత్తర దక్షిణ ధ్రువాలు ఎంత చిక్కుపడి ఉన్నాయో చూసి, వచ్చే 24 గంటల్లో ఎక్స్ క్లాస్‌కు ఇంత శాతం అవకాశం అని మాత్రమే అంటారు. సీఎంఈ విషయంలో కాస్త మెరుగు. కృత్రిమంగా గ్రహణం పట్టించినట్టు సూర్యబింబాన్ని మూసి చుట్టుపక్కల చూసే కరోనాగ్రాఫ్‌లు అది బయల్దేరడం చూస్తాయి, దాని వేగాన్ని లెక్కగట్టి కంప్యూటర్ నమూనాలో వేసి ఎప్పుడు వస్తుందో చెబుతారు, పది పన్నెండు గంటలు అటూ ఇటూ కావడం మామూలే. అసలు చిక్కు ఇంకోటి. వచ్చే సీఎంఈలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రంతో కలిసిపోయి తలుపు తెరుచుకున్నట్టు శక్తి లోపలికి వస్తుంది, ఉత్తరానికి ఉంటే ఎంత పెద్దదైనా చాలా వరకు పక్కనుంచి జారిపోతుంది. ఈ దిశ ఏమిటో అది భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు దగ్గరున్న ఉపగ్రహాలను తాకేదాకా తెలియదు. సెకనుకు 800 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే అక్కడి నుంచి ఇక్కడికి అరగంట. అంటే ఖాయంగా చెప్పగలిగే గడువు అరగంట, మహా అయితే గంట. 'తుస్సుమన్న సౌర తుఫాను' అని మర్నాడు ఎగతాళిగా రాసేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే అలా రాయరు.

ఆ ఎల్1 దగ్గర కాపలా కాస్తున్న వాటిలో మనదీ ఒకటుంది. ఆదిత్య ఎల్1, 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్వీ సీ57 మీద వెళ్లింది, 2024 జనవరి 6న తన కక్ష్యలో కుదురుకుంది. ఏడు పరికరాలు. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే వెలుగు పొరను చూసేది బెంగళూరు వాళ్లది, అతినీలలోహిత కిరణాల్లో సూర్యుడిని ఫొటో తీసేది పుణె వాళ్లది, ఫ్లేర్ల ఎక్స్ కిరణాలు కొలిచేవి రెండు, సౌర గాలిని, అయస్కాంత క్షేత్రాన్ని అక్కడికక్కడ కొలిచేవి మూడు. ప్రయోగం రోజున మీరు మొదటి పేజీ అంతా ఇచ్చారు, పిల్లలు కత్తిరించి స్కూల్ నోటీసు బోర్డు మీద అతికించుకున్నారు. ఆ తర్వాత అది ఏం చూస్తోందో ఎన్నిసార్లు రాశారో ఒకసారి మీ పాత సంచికలు తిరగేయండి.

మన దగ్గర ఉన్నది ఆదిత్య ఒక్కటే కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐ, దశాబ్దాలుగా భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది, నగరం రొదకు దూరంగా చౌటుప్పల్‌లో కూడా అబ్జర్వేటరీ పెట్టింది. విజయవాడ హైవే మీద రోజూ వెళ్లే వేలమందిలో ఎందరికి తెలుసు ఆ సంగతి? భారత భూ అయస్కాంత సంస్థకు విశాఖలో ఒక అబ్జర్వేటరీ ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న రాడార్ నేను పైన చెప్పిన ఆ బుడగలను వెతికి పట్టుకుంటుంది. ఈ స్థానిక కొలతలు ఎందుకు ముఖ్యమంటే, ప్రపంచమంతా వాడే కేపీ ఇండెక్స్ 13 అబ్జర్వేటరీల లెక్క, అవన్నీ ధ్రువాలకూ భూమధ్యరేఖకూ మధ్య అక్షాంశాల్లో ఉన్నాయి, వాటిలో ఒక్కటీ మన దేశంలో లేదు. ఆ అంకె చూసి తుఫాను ఉందో లేదో తెలుసుకోవచ్చు, పల్నాడు మీద ఆకాశం ఎలా ఉందో తెలుసుకోలేం.

పాతకాలం నుంచీ ఈ పనిలో మన దేశం వెనకబడి లేదు. 1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండ్‌లో రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మీద ఆ మెరుపు చూశాడు, దాని వెంట బయల్దేరిన సీఎంఈ పద్దెనిమిది గంటలు తిరక్కుండా భూమికి తగిలింది, టెలిగ్రాఫ్ తీగలు నిప్పురవ్వలు కక్కాయి. ఆ తుఫానులో భూ అయస్కాంత క్షేత్రం ఎంత పడిపోయిందో మన వైపు అక్షాంశాల్లో రాసిపెట్టుకున్నది బొంబాయి కొలాబా అబ్జర్వేటరీ. దాదాపు 1600 నానోటెస్లాల పతనం, నానోటెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ఒక చిన్న కొలమానం. 2024 మే తుఫానులో ప్రపంచ సగటు లెక్క 400 దాటింది, ఒక్క చోటి కొలతనూ సగటునూ నేరుగా పోల్చకూడదు గానీ ఒక అందాజా కోసం చెబుతున్నాను. ఇప్పటికీ ప్రపంచంలో ఎవరు కారింగ్టన్ తుఫాను బలం లెక్కగట్టాలన్నా మన కొలాబా కాగితాలే తెరుస్తారు. గంటలు లెక్కపెట్టుకుంటూ, సూది కదిలినప్పుడల్లా రాసుకున్న ఆ గుమస్తాల పేర్లు మనకు తెలియవు. వాళ్ల మీద నాకు చాలా గౌరవం.

ఇక పుకార్ల సంగతి. 'ఈ రాత్రి 12.30 నుంచి 3.30 వరకు కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా పోతున్నాయి, ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టుకోండి, నాసా చెప్పింది, బీబీసీ చెప్పింది' అనే మెసేజ్ ఎన్నేళ్లుగానో తిరుగుతోంది, తేదీ ఉండదు కాబట్టి దానికి చావు లేదు. పెద్దవాళ్లు నిజమనుకుని రాత్రి ఫోన్లు ఆపేస్తున్నారు, అర్జంటుగా ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఫోన్ కలవదు, ఇది చిన్న విషయం కాదు. 2023లో ఇంకోటి వచ్చింది, ఇంటర్నెట్ నెలల తరబడి పోతుందని నాసా హెచ్చరించిందట. నాసా అలాంటి హెచ్చరిక ఏదీ ఇవ్వలేదు. 2021లో కాలిఫోర్నియాలోని ఒక పరిశోధకురాలు, మన దేశం నుంచి వెళ్లినావిడే, సముద్రం అడుగున వేసిన పొడవాటి కేబుళ్ల మధ్యలో సిగ్నల్ బలం పెంచే పరికరాలు మహా తుఫానులో దెబ్బ తినవచ్చని, ముందే ఆలోచించుకోవాలని ఒక పేపర్ రాసింది. ఎప్పుడో రాగల ముప్పుకు సిద్ధపడమని ఆమె చెబితే, ఫలానా ఏడాది వస్తోందని యూట్యూబ్ వాళ్లు చేశారు, దాన్నే మన తెలుగు సైట్లు కొన్ని ఎత్తుకున్నాయి.

విమానాల వార్త కూడా అలాగే నలిగింది. 2025 నవంబర్ చివర్లో ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాలు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6,000 దాకా సాఫ్ట్‌వేర్ మార్చుకోవాల్సి వచ్చింది, మన దేశంలోనూ వందల విమానాలకు ఆ పని చేశారు. తీవ్రమైన సౌర వికిరణం వల్ల విమానాన్ని నడిపే కంప్యూటర్‌లో డేటా చెడిపోవచ్చని ఎయిర్‌బస్ చెప్పింది. దాన్ని 'సూర్యుడి దెబ్బకు విమానాలు బంద్' అనే ధోరణిలో చెప్పారు. ఆ వారాంతంలో సూర్యుడు ఏ విమానాన్నీ ఆపలేదు, ఆపింది ముందు జాగ్రత్త. అక్టోబర్ 30న అమెరికా వెళ్తున్న ఒక విమానం గాల్లో ఉండగా ముక్కు కిందికి దించిన ఘటన మీద దర్యాప్తులో ఆ బలహీనత బయటపడింది, ఆ తేదీన చెప్పుకోదగ్గ సౌర తుఫాను కూడా లేదు. చాలా విమానాలకు పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి సరిచేశారు. వెనక్కి వెళ్లి చూస్తే అది భయపడాల్సిన వార్త కాదు, ధైర్యం తెచ్చుకోవాల్సిన వార్త. తప్పు దొరకగానే కొద్ది రోజుల్లోనే చాలా వరకు దిద్దుకున్నారు.

నేను అడిగేది పెద్ద ఖర్చు ఉన్న పని కాదు. మీ వాతావరణం పెట్టెలో గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతల కింద ఒక వరుస వేయండి. నిన్న వచ్చిన పెద్ద ఫ్లేర్ ఏ తరగతి, ఈ రోజు అయస్కాంత స్థాయి జీ ఎంత, రేపటికి అంచనా ఎంత, అంతే. చాలా రోజులు అక్కడ 'ప్రశాంతం' అని ఉంటుంది, ఉండనివ్వండి, ప్రశాంతం అని రోజూ చూసిన పాఠకుడికే జీ4 అని కనపడిన రోజు దాని బరువు తెలుస్తుంది. ఏజెన్సీ వార్త వచ్చినప్పుడు డెస్క్‌లో ఉన్నవాళ్లు ఇది ఫ్లేరా, సీఎంఈనా, మన వైపు వస్తోందా, మన దేశంలో ఆ వేళకు పగలా రాత్రా అని చూసుకుని రాస్తే చాలు. అనుమానం వస్తే అడగడానికి ఎన్‌జీఆర్‌ఐ హబ్సిగూడలోనే ఉంది, గాదంకి తిరుపతి పక్కనే ఉంది. పెద్ద తుఫాను వచ్చి వెళ్లిన మర్నాడు ఏమైందో రెండు వాక్యాలు రాయండి, ఏమీ కాకపోతే ఎందుకు కాలేదో రాయండి.

ఇంకోటి ప్రభుత్వాన్ని అడగాల్సింది, మీ ద్వారా అడుగుతున్నాను. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రంలో అలలు ఎలా ఉంటాయో, చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు తెలుగులో చెబుతోంది. అదే పద్ధతిలో ఆదిత్య, చౌటుప్పల్, విశాఖ, గాదంకి కొలతలన్నీ కలిపి, ఈ రోజు దక్షిణ భారతంలో ఉపగ్రహ సిగ్నళ్లకు ఏ వేళ ఇబ్బంది ఉండవచ్చో తెలుగులో ఒక చిన్న బులెటిన్ రోజూ ఇస్తే సర్వేయర్లు, డ్రోన్ నడిపేవాళ్లు, బోట్లవాళ్లు అందరూ వాడుకుంటారు. పరిశోధకులు చదివే గ్రాఫులు వెబ్‌సైట్లలో ఉన్నాయి, మామూలు మనిషి చేతికి తెలుగులో చేరేది నాకు ఎక్కడా కనపడలేదు. అలాంటి బులెటిన్ ఉంటే నేను ఆ కాగితం చూపించి రైతుకు చెప్పగలను, బాబాయ్, ఈ రోజు సాయంత్రం వద్దు, రేపు పొద్దున ఏడింటికి వస్తా, ఇద్దరూ గట్టు మీదే ఉండండి, రాయి అందరి ముందే పాతుదాం అని.

ఇట్లు,
మీ పాఠకుడు,
లైసెన్స్‌డ్ సర్వేయర్, పల్నాడు జిల్లా